అవతలి గీత దగ్గర మనిషి

సున్నపు డబ్బా అడుగున మేకుతో పొడిచిన చిల్లి ఉంది. యోహాను దాన్ని రెండు చేతులా పట్టుకుని వెనక్కి నడుస్తూ గీత పోస్తున్నాడు. ముందుకు నడిస్తే తన గీతను తనే తొక్కుతాడు. యాభై దాటిన మనిషి. తోలు కుట్టీ కుట్టీ ఎడమ భుజం కుడిదానికంటే కిందికి దిగింది. సున్నం కనురెప్పల మీద పడినా తుడుచుకోడు. గీత ఆగితే అతుకు కనిపిస్తుంది.

1959 ఫిబ్రవరి. నంద్యాల రైలు కట్ట పక్క మైదానంలో సాయంత్రం నాలుగింటికి కుందూ క్లబ్బుకూ, ఆళ్లగడ్డ నల్లమల క్లబ్బుకూ ఏటా జరిగే ఫుట్‌బాల్ పందెం. కర్నూలు రాజధాని అయిన యేడు సంబరానికని మొదలుపెట్టారు. ఆ యేడు రెండు జట్లూ పక్కపక్కన కూర్చుని అన్నం తిన్నాయి. రెండో యేడు ఆళ్లగడ్డలో రెఫరీ చొక్కా చినిగింది. మూడో యేడు బంతి పగిలింది.

ఆ బంతి కుందూ క్లబ్బుది. కుట్టింది యోహాను. అప్పట్లో అతనూ, తమ్ముడు జీవరత్నమూ ఒకే పాకలో క్లబ్బు పని చేసేవారు. పందెం నాటి పొద్దున చివరి కుట్టు మిగిలి ఉండగా మైనం అయిపోయింది. కొట్టు తెరిచేదాకా ఆగాలి. ఆగకుండా దారానికి ఆముదం రాసి కుట్టేశాడు. ఆముదం పట్టిన ముడి జారుతుందని తోలు పనివాళ్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆట ముగిసే ముందు, ఖాళీ గోలు ఎదుట, కుందూ ఆటగాడు తన్నిన బంతి నోరు తెరిచి గీత మీద చతికిలబడింది. ఒక్క గోలు తేడాతో కప్పు ఆళ్లగడ్డకు పోయింది.

కుందూ క్లబ్బు సెక్రటరీ లక్ష్మీనారాయణ అందరి ముందూ పగిలిన బంతిని పాక ముందు వేసి, ఇది ఎవరి కుట్టని అడిగాడు. జీవరత్నం వంగి బంతిని ఎత్తుకున్నాడు. ఊడిన దారాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని అన్న వైపు చూశాడు.

"మా తమ్మునిది సామీ," అన్నాడు యోహాను.

జీవరత్నం కాదనలేదు. ఆ సాయంత్రమే పనిముట్లు సంచిలో వేసుకుని, భార్య జీవమ్మ పుట్టిల్లు ఆళ్లగడ్డ గనక అక్కడికే పోయాడు. నల్లమల క్లబ్బు తన బంతి అతని చేతిలో పెట్టింది.

ఆ గొడవ తరువాత రెండు క్లబ్బులూ ఒక కట్టడి చేసుకున్నాయి. ఆటకు ముందు ఒకరి బంతిని మరొకరి కుట్టేవాడు చూడాలి. బొటనవేలితో ప్రతి కుట్టూ నొక్కి, అందరికీ వినపడేలా "సరే" అనాలి. తరువాత ఇద్దరూ ఎదురెదురు గీతల దగ్గర సూది, పంపు పెట్టుకుని ఆఖరి ఈల దాకా కదలకుండా కూర్చోవాలి. మొదటి సగం వచ్చినవాళ్ల బంతి, రెండో సగం ఊరివాళ్లది. అన్నదమ్ములు మూడేళ్లు అలా ఎదురెదురుగా కూర్చున్నారు. ఏడాదికి చెరొక మాట.

ఇవాళ పొద్దున సద్ది కడుతూ భార్య లూదియా అడిగింది. "ఈ యేడన్నా నోరు తెరుస్తావా, లేదా? చిలక్కు నేర్పినా ఈ పాటికి రెండో మాట చెప్తాండ్య."

"చెప్తా లేవే."

"ఏం చెప్తావో నాకు చెప్పు, విందాం."

గీత పోస్తున్నంతసేపూ అతను ఆ మాటే నోట్లో తిప్పుకుంటున్నాడు. ఆ కుట్టు నాది రా. నలుగురిలోనే చెప్పాలి. నలుగురిలోనే కదా తమ్ముడి మీద వేసింది. పని పోతే పోనీ.

మూడున్నరకు ఆళ్లగడ్డ బస్సు వచ్చింది. పైన కూర్చున్నవాళ్లు డప్పు కొడుతూ, కుందూలో నీళ్లున్నాయా, ఓడినాక మొహాలు కడుక్కోను అని అరిచారు. నంద్యాల వాళ్లూ తగినట్టే బదులిచ్చారు. యోహాను సున్నపు చేతులు పంచెకు తుడుచుకుని నిలబడ్డాడు. అందరూ దిగారు. చివర బంతి సంచితో దిగినవాడు తమ్ముడు కాదు. ముప్పై ఏళ్లవాడు, పేరు దాసరయ్య అన్నాడు.

"జీవరత్నం యాడ?"

దాసరయ్య సంచిని ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు.

"నీకు తెల్దా అన్నా? పోయిన బేస్తవారం పోయినాడు. జరం. నాలుగు దినాలే ఉన్న్యాడు. మీ క్లబ్బుకు కార్డు రాసినాం గదా."

యోహాను తల తిప్పాడు. లక్ష్మీనారాయణ రెఫరీతో ఏదో మాట్లాడుతూ ఇటు చూసి, చూపు మార్చుకున్నాడు. తరువాత దగ్గరికి వచ్చి, ఆట అయినాక చెబుదామనుకున్నానని, బంతి చూసేవాడు లేకపోతే వాళ్లు ఆట ఒప్పుకోరని, మెల్లగా అన్నాడు. యోహాను వింటున్నట్టే నిలబడ్డాడు.

దాసరయ్య బంతి తీసి అతని చేతుల్లో పెట్టాడు.

"ఇది ఆయప్ప కుట్టిందే. నేను గాలి కొట్టినా, అంతే."

జనం గీత దాకా వచ్చి నిలబడ్డారు. యోహాను బంతిని పొట్టకు ఆనించుకుని మొదటి కుట్టు నొక్కాడు. తరువాతిది నొక్కాడు. కుట్లన్నీ ఒకే కొలతలో, దగ్గర దగ్గరగా ఉన్నాయి. దారాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. మైనం వాసన. ఎవరో వెనక నుంచి, ఏందప్పా ముద్దు పెట్టుకుంటాండావా అన్నారు. కొందరు నవ్వారు. రెఫరీ గడియారం చూసుకున్నాడు. చెప్పాలనుకున్న మాట ఇప్పుడూ చెప్పవచ్చు. వినాల్సినవాడు లేడు.

"సరే," అన్నాడు.

వినపడలేదని ఆళ్లగడ్డ వాళ్లు మళ్లీ చెప్పమన్నారు. మళ్లీ చెప్పాడు.

ఈల పడింది. యోహాను తన గీత దగ్గర కూర్చున్నాడు. లేచి పోతే నియమం తప్పినట్టు, పందెం ఆళ్లగడ్డకు పోతుంది. ఎదుటి గీత దగ్గర దాసరయ్య కాళ్లు చాపుకుని కూర్చుని శనక్కాయలు తింటున్నాడు. బంతి చాలాసార్లు ఇటు దొర్లింది. ప్రతిసారీ యోహాను దాన్ని రెండు చేతులతో ఎత్తి, ఒక క్షణం ఆగి ఇచ్చాడు. మొదటి సగంలో ఒక్క కుట్టూ కదలలేదు. ఆ బంతిని తీసి సంచిలో వేసేశారు. రెండో సగంలో కుందూ క్లబ్బు గెలిచింది. లక్ష్మీనారాయణను భుజాల మీద ఎత్తుకున్నారు.

బస్సు కదిలే ముందు దాసరయ్య వచ్చాడు.

"సంచి అడుగున ఉన్నింది ఇది, ఆయప్పది. నా యేలికి పట్టడంల్యా. నువ్వన్నా ఉంచుకో అన్నా."

దాన్ని యోహాను పక్కన, సున్నపు గీత మీద పెట్టి వెళ్లాడు. సూది దిగకుండా బొటనవేలికి వేసుకునే తోలు తొడుగు. మొన మీద సూది గుచ్చిన గుంటలు వరసగా ఉన్నాయి. లోపల వేలు ఆనిన చోట తోలు నల్లబడి, నున్నగా, ఇంకా గుండ్రంగానే ఉంది.