ముందే పెట్టిన అక్షరం

"ఆ నివేదిక కాస్త రాసిపెట్టు, నువ్వెలాగూ ఖాళీయేగా" అన్నారు మా ఆయన, సాయంత్రం నేను అంట్లు తోముతుంటే. మా అపార్టుమెంటు సంఘానికి ఆయన కార్యదర్శి. కోడి కెలికినట్టు నాలుగు ముక్కలు రాసిస్తే, ఆరేళ్లుగా వాటిని నాలుగు పేజీలు చేసేది నేను. కింద 'తయారుచేసినవారు' అన్నచోట ఆయన పేరుంటుంది. సభలో చప్పట్లు కూడా ఆయనకే.

కార్లో నేను దారి చెబితే "నీకు కుడెడమలు తెలిసి చస్తేగా" అని నవ్వుతారాయన. వెనక సీట్లో అత్తగారూ నవ్వుతారు. ఇన్నాళ్లూ నేనూ నవ్వాను. నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. పొద్దుటి నుంచి నా పనంతా కుడెడమలే.

పిల్లల కోసం పదేళ్లు ఉద్యోగం మానేసి, మళ్లీ చేరి ఎనిమిది నెలలైంది. ఆసుపత్రిలో మా గదిలో పెద్దావిడ ఒకరున్నారు, అందరికీ అక్కే. ఆవిడ జేబులో ఎప్పుడూ బొమ్మలో తెల్లగా పడే రెండు సీసపు అక్షరాలుంటాయి, కుడికొకటి, ఎడమకొకటి. వాటి కింద ఆవిడ పేరులోని తొలి అక్షరం చిన్నగా చెక్కి ఉంటుంది. రోగి భుజాన్ని చేత్తో తాకి, "ఇది మీ కుడేగా?" అని అడిగి, ఎక్స్‌రే పలక మీద ఆ పక్కనే అక్షరం అంటించాకే బటన్ నొక్కుతారు. మిగతావాళ్లం బొమ్మ వచ్చాక అక్షరం కంప్యూటర్లో పెట్టేస్తుంటే ఆవిడకు ఒళ్లు మండేది. "తిన్నాక కూరలో ఉప్పేస్తారటే?" అనేవారు. ముప్పై ఏళ్లలో ఒక్కరోజు కూడా ఆ పద్ధతి తప్పలేదావిడ. ఆ చేతులంటే నాకు మొదటి రోజు నుంచే ఆరాధన. మెల్లిగా నేనూ ఆవిడ అక్షరాలే అడిగి తీసుకుని వాడటం మొదలుపెట్టాను.

ఇవాళ పొద్దున ఒక వడ్రంగికి ఛాతీ ఎక్స్‌రే తీశాను. కుడి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. కాసేపటికి వార్డు నుంచి కుర్ర డాక్టరు ఫోన్ చేశాడు.

"గుండె కుడివైపు కనిపిస్తోందేంటమ్మా? అక్షరం తారుమారు పెట్టారు. తిప్పి పంపండి, నీరు తీయడానికి సూది వేయాలి."

తిప్పడం ఒక్క నొక్కుతో అయిపోతుంది. అలవాటు చొప్పున "అవునేమో సార్" అనేశాను కూడా. చెయ్యి మౌస్ మీదికి పోయింది. తిప్పితే, నీరు లేని వైపు సూది దిగుతుంది, బాగున్న ఊపిరితిత్తిలోకి.

అక్క తలెత్తి చూశారు. "అక్షరం ఎప్పుడు పెట్టావు?"

"ముందే. కుడి భుజం తాకి, అడిగి మరీ."

"మరి ఎందుకు తిప్పుతావు?"

ఆవిడ నాతో రాలేదు. నేనే మెట్లెక్కి వార్డుకు పరిగెత్తాను. సూది ట్రే సిద్ధంగా ఉంది.

"నేను తిప్పనండి. ఒక్కసారి స్టెతస్కోపు ఆయనకు కుడివైపు పెట్టి వినండి" అన్నాను.

డాక్టరు విసుగ్గా పెట్టాడు. విన్నాడు. ఎడమవైపు పెట్టాడు, మళ్లీ కుడివైపు. వడ్రంగి మొహమాటంగా నవ్వాడు. "మా అమ్మ అంటుండేదండి, నీ గుండె అటుపక్క కొట్టుకుంటుందిరా అని. ఊరికే అనేదనుకున్నా."

సూది కుడివైపే వేశారు. తర్వాత డాక్టరు మా గదికి వచ్చి, బొమ్మ మీది అక్షరం కింద ఆవిడ పేరు గుర్తు చూసి అక్కకు చేతులు జోడించాడు. "మీరు తీశారు కాబట్టి సరిపోయింది మేడమ్."

"నేను కాదు, ఆమె తీసింది" అన్నారు అక్క. డాక్టరు వెళ్లాక నా ముందు చెయ్యి చాచి తన అక్షరాలు వెనక్కి తీసుకున్నారు. "ఇంక వీటిని నీకివ్వను. నీవి చేయించుకో." ఇంతకన్నా పెద్ద మెప్పు నాకెవ్వరూ ఇవ్వలేదు.

అంట్లయ్యాక చేతులు తుడుచుకుని కంప్యూటరు ముందు కూర్చున్నాను. "త్వరగా కానియ్" అన్నారు మా ఆయన హాల్లోంచి. ఖాళీ పేజీ తెరిచి, ఒక్క వాక్యమైనా మొదలుపెట్టక ముందే, అడుగున 'తయారుచేసినవారు' అన్నచోట నా పేరు కొట్టాను.