పదహారు డిగ్రీల నలభై ఒక్క నిమిషాలు

సోల్డరింగ్ ఐరన్ మొనను తడిగుడ్డకు తుడిచేసరికి చుయ్‌మంది. పెద్దిరాజు కళ్లజోడు సవరించుకుని, ఊడిన బ్యాటరీ వైరును మళ్లీ బోర్డుకు అతికించి, ఉఫ్ మని ఊదాడు. బుల్లి తెర మీద అంకెలు వెలిగాయి. తానున్న చోటేదో ఉపగ్రహాలనడిగి చెప్పే యంత్రం అది. సబ్బుపెట్టెలో ఇమిడిపోయింది.

పెనుగొండ దగ్గర ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఇరవయ్యారేళ్లుగా అతను ల్యాబ్ అటెండరు. పిల్లలకు మీటర్లు అందించటం, సాయంత్రం తుడిచి బీరువాలో పెట్టటం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు; పెద్దిరాజు రెండుచోట్లా అసలు పోటీకే దిగలేదు. అలాంటి మనిషికి యాభై దాటాక ఒక పిచ్చి పట్టింది. ఎవరో దేశంకాని దేశంవాళ్లు ఇలాంటి యంత్రాలకు పనికొచ్చే బోర్డు ఒకటి తయారుచేసి, దాని నమూనా దాచుకోకుండా, ఎవరైనా చేసుకోండని ఇంటర్నెట్‌లో పెట్టేశారు. అది తెలిసిన రోజు అతనికి అన్నం సహించలేదు. ఊరికే ఇచ్చేస్తారా ఎవరైనా! తనూ ఏదో ఒకటి ఇవ్వాలి కదా అనిపించింది.

వెతగ్గా వెతగ్గా ఒక ఆట దొరికింది. ఒక డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటు అక్షాంశ రేఖాంశాల అంకెలు ఇంటర్నెట్‌లో పెడతారు. ముక్కూమొహం తెలియనివాళ్లు వెతుక్కుంటూ వచ్చి, లోపలున్న పుస్తకంలో పేరు రాసి, డబ్బాను అక్కడే వదిలి పోతారు. రెండేళ్ల కిందట సిద్ధాంతం అనే ఊరి దగ్గర గోదావరి ఏటిగట్టు రాళ్ల సందులో పెద్దిరాజూ ఒక స్టీలు డబ్బా పెట్టాడు. ఆదివారం ఆదివారం వెళ్లి తెరిచి చూసేవాడు. ఒక్క పేరూ పడలేదు.

నిన్న నెట్ సెంటర్లో కబురు కనిపించింది. భీమవరం నుంచి శశిభూషణ్ అట. "రెండుసార్లు వచ్చాను. రొయ్యల చెరువులు తప్ప ఏమీ లేవు. మనుషుల్ని ఎండలో తిప్పటం మీకు సరదానా?"

ఏటిగట్టు మీద రొయ్యల చెరువులేమిటి? తప్పెక్కడుందో తెలియటానికి గంట పట్టింది. గంటకు అరవై నిమిషాలున్నట్టే డిగ్రీకీ అరవై నిమిషాలు. యంత్రం పదహారు డిగ్రీల నలభై ఒక్క నిమిషాలంటే ఇతగాడు పదహారు పాయింట్ నలభై ఒకటి అని రాసేశాడు; రేఖాంశమూ అలాగే. పిల్లల రికార్డుల్లో ఇలాంటి తప్పులు చూసి నవ్వుకునే మనిషి! డబ్బా సిద్ధాంతంలో ఉంటే, దాని చిరునామా మొగల్తూరుకు పడమట ఎక్కడో పడింది.

అంకెలు దిద్దటం నిమిషం పని. కానీ ఆ మనిషి తన మాట నమ్మి రెండుసార్లు వెళ్లాడే! సిగ్గుతో పెద్దిరాజు చెవులు వేడెక్కాయి. "క్షమించండి. వచ్చే ఆదివారం ఆ చెరువుల దగ్గరికే రండి. ఈసారి ఉంటుంది" అని జవాబు పెట్టి, సాయంత్రమే వెళ్లి గట్టు మీది డబ్బా తెచ్చేసుకున్నాడు.

"ఈ ఎండలో ఎక్కడికండీ? మెట్లు కూడా ఎక్కొద్దన్నారు కదా డాక్టరుగారు!" అంది భార్య తలుపులమ్మ, యంత్రాన్నీ డబ్బానీ సంచిలో వేసుకుని బయల్దేరుతున్న అతని చేతిలో గుండె మాత్రలు పెడుతూ.

"మెట్లెక్కట్లేదే. బస్సెక్కుతున్నాను."

రెండు బస్సులు మారి, ఆటో దిగి నడిచేసరికి మధ్యాహ్నమైంది. రొయ్యల చెరువుల దగ్గర కాపలా ముసలయ్య అడ్డమొచ్చాడు.

"చెప్పులు కిందే ఇప్పెయ్యండి బాబూ. బయట మట్టి గట్టెక్కితే రొయ్యకి జబ్బు తగులుద్దంటారండి మా రైతుగారు."

పెద్దిరాజు బుద్ధిగా విప్పి, కాలుతున్న గట్టు మీద వట్టి కాళ్లతో, తెర మీది అంకెలు చూసుకుంటూ నడిచాడు. అవి మోటారు షెడ్డు వెనక కుదిరాయి. నీళ్ల మధ్య పడనందుకు దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు. పుస్తకం మొదటి పేజీలో, "తప్పు నాది. తిప్పినందుకు మన్నించండి" అని రాసి, డబ్బాను ఇటుకల సందులో పెట్టాడు. రెండేళ్లుగా లేని నెమ్మది కలిగింది. ఎడమ చెయ్యి లాగుతోంది. షెడ్డు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఆయ్, కునుకు తీత్తన్నారనుకున్నానండి" అని తరవాత అందరితోనూ చెప్పాడు ముసలయ్య. ఎండ మొహం మీదకొచ్చినా నీడలోకి జరక్కపోయేసరికి దగ్గరికెళ్లి చూశాడట.

మరుసటి ఆదివారం శశిభూషణ్ వచ్చాడు. ఈసారి లేకపోతే నాలుగు మాటలు గట్టిగా రాయాలనే వచ్చాడు. డబ్బా దొరికింది. పుస్తకంలో పేరు రాసి, గట్టు దిగుతూ, "ఇది పెట్టినాయన్ని ఒకసారి కలవాలండి. ఎక్కడుంటారో తెలుసా?" అని ముసలయ్యనడిగాడు.

ముసలయ్య తల అడ్డంగా ఊపి, కింద చూపించాడు. "పోయిన మనిషిని బండెక్కించిన కంగారులో అయ్యి ఇక్కడే వదిలేశారండి. పారెయ్యటానికి నాకు చేతులు రాలేదు."

గట్టు మొదట్లో, ఒకదాని పక్కన ఒకటి పొందిగ్గా విప్పిన తోలుచెప్పులు. ఎడమదాని తెగిన పట్టీ సన్నని రాగితీగతో, కాలికి గుచ్చుకోకుండా కొనలు లోపలికి మడిచి, కుట్టి ఉంది.