డాక్టరుగారికి తెలియజేశాం

పన్నెండేళ్లు నర్సుగా చేసి, ముప్పై నాలుగో ఏట డాక్టరు చదువుకు దరఖాస్తు పెడతానంటే జనం ఊరుకుంటారా? వార్డులో తోటి నర్సులు బుగ్గలు నొక్కుకున్నారు. "ఉన్న ఉద్యోగం ఏం చేదయిందమ్మా?" అన్నారు. భర్త బస్సు డ్రైవరు. ఆయన మాత్రం "నువ్వు చదివి బయటికొచ్చేసరికి నాకు మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి, మొదటి పేషెంటుని నేనే" అన్నాడు. ఆ మాటలో వేళాకోళం ఎంత ఉందో ఒప్పుకోలూ అంతే ఉంది. ఎనిమిదేళ్ల కూతురు ఆ రోజు నుంచే అమ్మను డాక్టరమ్మా అని పిలవడం మొదలుపెడితే, అత్తగారు "ఆలు లేదు చూలు లేదు, ముందా పరీక్ష కానియ్యండి" అని విసుక్కుంది.

పరీక్ష గట్టెక్కింది. ఇక మిగిలినవి రెండు. డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నారో చెబుతూ రెండు పేజీల వ్యాసం రాయాలి. ఆ వ్యాసాన్ని ఆమె పనిచేసే చోట పెద్ద డాక్టరు చదివి, ప్రతి పేజీ మీదా సంతకం చేసి, సిఫారసు ఉత్తరం ఇవ్వాలి. గడువు శుక్రవారం సాయంత్రం. సంతకం పడకపోతే ఈ ఏటికి లేదు, వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది.

వ్యాసం మొదట అత్తగారికి చూపించింది. ఆవిడ బళ్లో ముప్పై ఏళ్లు పంతులమ్మగా చేసి రిటైరైన మనిషి. కళ్లజోడు సవరించుకుని రెండు పేజీలూ చదివి, కూరగాయలు తరుగుతున్న బల్ల మీదే పడేసింది.

"సేవ, కరుణ, చిన్ననాటి కల. ఇలాంటివి మూడు వేలు దిద్దుంటాను అమ్మాయ్. ఇందులో ఒక్క ముక్క నీది కాదు. నిజంగా ఎందుకు చదవాలనుకుంటున్నావు?"

కోడలు బల్ల మీది కాగితాలు తీసుకుంది. "ఆ దర్జీ వల్ల అత్తయ్యా" అంది.

"మరి అదే రాయి."

"రాస్తే సంతకం పెట్టాల్సిన ఆయనకే తగులుతుంది."

"అది నీ ఇష్టం. దీనికి మాత్రం నేను పదికి మూడేస్తాను. అవీ దస్తూరి బాగుందని" అంది ఆవిడ, మళ్లీ కత్తి అందుకుంటూ.

దర్జీ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. పధ్నాలుగు నెలల కిందట, ఆమె వార్డులో, పేగు ఆపరేషనయిన మూడో రోజు, మధ్యాహ్నం రెండు గంటలకు అతని నాడి పరిగెత్తడం మొదలుపెట్టింది. పొట్ట చెక్కలా బిగుసుకుంది. ఒళ్లంతా చల్లటి చెమట. లోపల కుట్టు విడిందని ఆమెకు చెయ్యి వేయగానే అర్థమైంది. పెద్ద డాక్టరుకు ఫోన్ చేసింది. "ఆపరేషనయ్యాక నొప్పి ఉండదా సిస్టర్? ఇంజెక్షన్ ఇవ్వండి" అన్నారాయన. మళ్లీ చేసింది. అదే మాట. మూడోసారి చేస్తే "వస్తాను" అన్నారు. వచ్చేసరికి నాలుగయింది. దర్జీ మర్నాడు పోయాడు.

ఆ వార్డులో ఒక ఆచారం ఉంది. ఏం జరిగినా సరే, టైము వేసి, 'డాక్టరుగారికి తెలియజేశాం' అని కేసు షీటులో రాసెయ్యాలి. రాసినవాళ్ల మీద ఈగ వాలదు. కొత్తగా చేరిన పిల్లలకు కట్టు కట్టడం కంటే ముందు ఇదే నేర్పుతారు. నేర్పేది ఆమే. ఆ రోజూ 2.10, 2.40, 3.15 అని మూడుసార్లు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. గోడ మీద అత్యవసర బృందం నంబరు ఎర్రగా కనబడుతూనే ఉంది. డాక్టరు ఆలస్యం చేస్తే నర్సు నేరుగా వాళ్లను పిలవచ్చు. కాని పెద్ద డాక్టరును కాదని ఆ నంబరు నొక్కిన నర్సు అక్కడ ఇంతవరకూ పుట్టలేదు. విచారణకు వచ్చినవాళ్లు ఆమె రికార్డు చూసి భేష్ అన్నారు. ఒక మనిషి ప్రాణం పోతే తన దస్తూరికి మెప్పు రావడం ఆమె ఈనాటికీ మింగలేకపోయింది. డాక్టరు ఆ సమయంలో ఆపరేషన్ థియేటర్లో ఉన్నారని ఎవరో చెప్పారు. విచారణ వాళ్లు అదీ రాసుకుని, ఎవరి తప్పూ లేదని తేల్చి వెళ్లిపోయారు.

ఆమె తిరగరాసింది. ఫోన్లూ, టైములూ, తాను నొక్కని నంబరూ అన్నీ రాసింది. తెలియజేసి ఊరుకునే చోట ఇక ఉండలేనని, నిర్ణయం తీసుకునే చోటికి వెళ్లాలని ఉందని రాసింది. ఒక్క చోట మాత్రం వెనక్కి తగ్గింది. 'డాక్టరుగారు అప్పుడు థియేటర్లో ఉన్నారు' అని చేర్చింది. ఆ ఫోన్లు మోగింది ఆయన గదిలోనని ఆమెకు తెలుసు. అయినా సంతకం కావాలి కదా!

శుక్రవారం మధ్యాహ్నం ఆయన గదిలోకి వెళ్లి కాగితాలు బల్ల మీద పెట్టింది. ఆయన నవ్వుతూనే అందుకున్నారు. "మిమ్మల్ని వదులుకోవడం నాకేం ఇష్టం లేదు సిస్టర్. మీరు వెళ్తే నా వార్డు ఏమైపోవాలి?" అంటూ చదవడం మొదలుపెట్టారు. మొదటి పేజీ సగంలో నవ్వు పోయింది.

ఆమె నిలబడే ఉంది. కూర్చోమని ఆయన అనలేదు, ఆమెకూ తోచలేదు. పన్నెండేళ్లలో ఈ మనిషి ముందు ఇంత భయపడింది లేదు. ఇప్పుడే కాగితాలు లాక్కుని, పదికి మూడు మార్కుల వ్యాసం ఇచ్చేద్దామా అని కూడా అనిపించింది.

"మూడుసార్లా?" అన్నారు ఆయన తలెత్తకుండానే. "నాకు రెండే గుర్తున్నాయి."

"మూడండి."

ఆయన రెండో పేజీ తిప్పారు. చాలాసేపు ఒకే చోట చూస్తూ ఉండిపోయారు. తర్వాత పెన్ను తీసి ఒక వాక్యం కొట్టేశారు. అంతా కొట్టేస్తారనుకుంది ఆమె. ఆయన పక్కన ఏదో రాసి, కింద సంతకం చేసి, మొదటి పేజీ మీద కూడా చేసి, కాగితాలు ఆమె వైపు తిప్పారు.

కొట్టేసింది థియేటరు వాక్యం. పక్కన డాక్టరు చేతిరాత, వంకరటింకరగా: 'లేను. నా గదిలో కాఫీ తాగుతున్నాను.'

"సార్, ఇది కాలేజీ వాళ్లు చూస్తారు. విచారణలో వేరేగా ఉంది."

"తెలుసు. ఆ రోజు ఎవరో అంటే నేను ఔననీ అనలేదు, కాదనీ అనలేదు." ఆయన కళ్లజోడు తీసి కళ్లు నులుముకున్నారు. "పంపండి. ఉత్తరం గంటలో ఇస్తాను."

ఆమె కాగితాలు తీసుకుని గుమ్మం దాకా వెళ్లింది.

"సిస్టర్" అని పిలిచారు వెనకనుంచి. "మీరు వెళ్లేదాకా ఇంకా కొన్ని నెలలున్నాయి కదా. ఈసారి మూడోసారి ఫోన్ చెయ్యకండి. వచ్చి నన్ను కుర్చీలోంచి లేపండి."

అలాగేనండీ అనబోయింది. దర్జీ పోయిన రోజు రాని ఏడుపు, అంత్యక్రియలకు వెళ్లినప్పుడూ రాని ఏడుపు, ఆ గుమ్మంలో నిలబడ్డప్పుడు వచ్చింది.