అరువు తెమడ

హనీఫా నోరు మంచిది కాదని ఊళ్ళో అందరూ అనేవాళ్ళు. ఆ నోటితో ఆమె ఏం చెబుతోందో మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు.

ఆమె చెప్పేది ఒక్కటే. పలుగురాయి మిల్లులో పనిచేసి దగ్గుతూ చచ్చిపోతున్న వాళ్ళకు వచ్చింది టీబీ కాదు, రాయిపిండి. తెల్లటి పలుగురాళ్ళను పగలగొట్టి, మరలో వేసి, మైదాకంటే మెత్తగా పిండి చేసి గాజు కంపెనీలకు పంపే మిల్లు అది. ఆ పిండి గాలిలో లేస్తుంది. పీల్చినవాళ్ళ ఊపిరితిత్తుల్లో పేరుకుంటుంది. హనీఫా మొగుడు చోటే మియా ఆ మర నోటి దగ్గర పనిచేసి పోయాడు. దవాఖానవాళ్ళు టీబీ అని రాశారు. హనీఫా కూడా అక్కడే ఏళ్ళ తరబడి సంచుల్లో పిండి నింపింది. ఇప్పుడు నాలుగడుగులు వేస్తే ఆగి గోడ పట్టుకుంటుంది. గోడ పట్టుకునే తిడుతుంది.

అది తొంభై రెండో సంవత్సరం ఎండాకాలం. టీబీ గోలీలు ఇచ్చే రోజున సర్కారు దవాఖాన వరండాలో మిల్లు రోగులు వరసగా నిలబడ్డారు. హనీఫా వరసలో నిలబడలేదు. నేరుగా డాక్టరు బల్ల ముందుకు పోయింది.

"సారూ, వీండ్లు ఏండ్ల సంది గోలీలు మింగుతాండ్రు. ఎవనికన్న తగ్గిందా? ఒక్కన్ని జూపియ్యి."

"డాక్టర్ని నేనా, నువ్వా?" అన్నాడు డాక్టరు.

"నువ్వే. అందుకే నిన్ను అడుగుతాన. నేనే డాక్టర్నైతె నిన్నెందుకు అడుగుదు?"

వరసలో ఎవరో నవ్వబోయి దగ్గారు. డాక్టరు కలం కింద పెట్టాడు. "సరే. తమది టీబీ కాదనుకునేవాళ్ళు పక్కకు వచ్చి నిలబడండి. మీకు మాత్రలు దండగ."

ఒక్కరూ కదల్లేదు. హనీఫా వెనక్కి తిరిగి ఒక్కొక్కరి మొహమే చూసింది. కురుమయ్య దగ్గరికి వచ్చేసరికి అతను తన కాలివేళ్ళు చూసుకుంటున్నాడు.

కురుమయ్యకు ముప్పై దాటి ఎంతో కాలేదు. మర నోటి దగ్గరే పనిచేశాడు. ఇప్పుడు మంచం మీద కూర్చుని ఊపిరి తీసుకోవడమే అతని పని. పెళ్ళాం భిక్షమ్మ అదే మిల్లులో సంచులు నింపి మొగుణ్ణి, కూతుర్ని సాకుతోంది. హనీఫా మాట నిజమని కురుమయ్యకు తెలియక కాదు. ఆ పిండిని అతను తిన్నాడు, తాగాడు, దానిమీదే పడుకున్నాడు. కానీ టీబీకి మందు ఉంది. రాయిపిండికి మందు లేదు. హనీఫా గెలిస్తే తాను చస్తాడు. అతని లెక్క ఇంతే. ఎవరి లెక్కైనా అంతకంటే గొప్పగా ఉంటుందని నేననుకోను.

హనీఫా పెట్టిన అర్జీలకు, కలెక్టరాఫీసు ముందు కూర్చుని అరిచిన అరుపులకు ఎట్టకేలకు పైవాళ్ళు కదిలారు. ఫ్యాక్టరీల ఆఫీసరు, పట్నం నుంచి ఒక ఛాతీ డాక్టరు ఊరికి వస్తారని కబురొచ్చింది. ముందురోజే ఇంటింటికీ చిన్న చిన్న పెట్టెలు పంచారు. తెల్లారి లేవగానే దగ్గి అందులో తెమడ ఊసి తేవాలి. తెమడలో పురుగు ఉంటే టీబీ. లేకపోతే ఆ మనిషిని పట్నం తీసుకుపోయి పెద్ద ఎక్స్‌రే తీస్తారు. ఊపిరితిత్తుల్లో రాయి కనిపిస్తే మిల్లు మీద కేసు.

హనీఫా గోడలు పట్టుకుంటూ ప్రతి ఇంటికీ పోయింది. "రేపు రాండ్రి. నేను మాట్లాడుత, మీరు మాట్లాడకుండ్రి. పెట్టె తెచ్చి ఇయ్యుండ్రి సాలు."

ఆ సాయంత్రం రోగులందరూ చర్చి అరుగు మీద కూడారు. పెట్టెలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. మొదట మాట్లాడింది ఏసోబు. మిల్లులో లారీలకు ఎత్తేవాడు, ఇప్పుడు తన చెయ్యి తాను ఎత్తలేడు.

"ఆమె చెప్పేది నిజమే గావొచ్చు. గని గా నోరేంది? మొన్న సర్పంచిని వట్టుకొని, నీ పెండ్లాంను ఒక్కపూట పిండి నింపనీకి తోలు అన్నదట. ఆడిమనిషి మాటేనా అది?"

"మీరు మొగోండ్లు అనకపోతిరి, ఆమె అన్నది" అంది భద్రమ్మ. ఆమె కూడా సంచులు నింపి మంచాన పడ్డదే.

"అంటె ఏమొచ్చింది? రేపు మిల్లు మూస్తె ఏం తింటం? మల్ల మూట గట్టుకొని కూలికి బొంబాయి వోవాలె."

"నువ్వేం వోతవ్ బొంబాయి? చర్చి మెట్లెక్కనీకి ఇద్దరు వట్టుకొస్తిరి నిన్ను."

నవ్వారు. కురుమయ్య నవ్వలేదు. "పెట్టెల పురుగు లేకుంటె గోలీలు బంద్ జేస్తరా?" అని అడిగాడు.

ఎవరికీ తెలియదు. తెలియకపోయినా అందరికీ వరండాలో డాక్టరు అన్న మాట గుర్తొచ్చింది.

"నాకు అసలు తెమడే రాదు" అన్నాడు ఏసోబు. "ఒట్టి దగ్గు. ఏముందని ఊంచాలె పెట్టెల? తెమడంటె అంజయ్యది. చెంబు వెడితె చెంబు నింపుతడు."

మళ్ళీ నవ్వారు. అంజయ్య గొర్రెల కాపరి. మిల్లు గడప తొక్కినవాడు కాడు. అతనిది అసలైన టీబీ. మందులు మధ్యలో వదిలేసి ఊరి చివర గుడిసెలో పడి ఉంటున్నాడు. నవ్వు ఆగిపోయింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

"అంజయ్యను అడుగుదమా?" అన్నాడు కురుమయ్య.

మిల్లు సేటు డబ్బులిచ్చి ఇదంతా చేయించాడని తర్వాత కొందరన్నారు. అబద్ధం. సేటుకు అంత తెలివీ లేదు, ఆ అవసరమూ రాలేదు. ఆ మాట మిల్లు తినేసిన మనిషే అన్నాడు.

భద్రమ్మ లేచింది. "నేనీ మాట ఇనలే. నేను వోతాన." పోయింది. ఆమె పెట్టె మాత్రం అరుగు మీదే ఉండిపోయింది. మరిచిపోయిందని ఎవరూ అనుకోలేదు.

పెట్టెలు పట్టుకుని వచ్చినవాళ్ళను చూసి అంజయ్య గుడిసె ముందు మంచంలో లేచి కూర్చున్నాడు.

"ఏందిరా, నా దిక్కు రానీకె ముక్కులు మూసుకుంటుంటిరి. ఇయ్యాల గిన్నెలు వట్టుకొచ్చిండ్రు?"

ఏసోబు సంగతి చెప్పాడు. అంజయ్య కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి దగ్గాడు. "ఇన్నొద్దులకు నా తెమడకు గిరాకొచ్చెరా! ఒక్కొక్కలు రాండ్రి, నూకుకోకుండ్రి. ఇప్పుడు కొంచెం, మిగిలింది పొద్దుగాల." తర్వాత అడిగాడు, "గీ సంగతి హనీఫాకు ఎరుకేనా?"

ఏసోబు తన పెట్టె మూత తీశాడు.

"ఎరుక లేదన్నట్టు" అన్నాడు అంజయ్య. మళ్ళీ నవ్వలేదు. పెట్టెలు మాత్రం నింపాడు.

తెల్లారి పంచాయితీ ఆఫీసు ముందు బల్ల వేశారు. హనీఫా అందరికంటే ముందే వచ్చి స్తంభం పట్టుకుని నిలబడింది. ఎవరూ రారనే అనుకుంది. ఆఫీసరు గడియారం చూసుకుంటున్నాడు. అప్పుడు సందు మలుపులోంచి వాళ్ళు వచ్చారు. ముందు ఏసోబు, ఒకరి భుజం పట్టుకుని. వెనక కురుమయ్య. అందరి చేతుల్లో పెట్టెలు.

హనీఫా మొహం ఎట్లా అయిందో కురుమయ్య చూశాడు. చూడకుండా ఉంటే బాగుండేది. మొగుడు పోయినప్పటి నుంచి ఆమె మొహంలో అట్లాంటి వెలుగు ఎవరూ చూడలేదు.

"వచ్చిండ్రా తమ్మీ! యా అల్లా, వీండ్లు వచ్చిండ్రు!" ఆఫీసరు వైపు తిరిగింది. "సారూ, నేనొక్కదాన్నే పిచ్చిదాన్నంటిరి. ఇగో, సూడుండ్రి ఎంతమంది పిచ్చోండ్లో. వీండ్ల తెమడల పురుగు కనవడితె నేను మల్ల మీ ఆఫీసు మెట్లెక్క. రాసుకోండ్రి."

కురుమయ్య చేతిలోంచి పెట్టె ఆమే అందుకుంది. పైన దుమ్ము ఉంటే కొంగుతో తుడిచి బల్ల మీద జాగ్రత్తగా పెట్టింది. లాక్కుందామని అతని చెయ్యి లేచింది. ఆ చేత్తో మెడ గోక్కున్నాడు.

వారం తిరక్కుండానే కాగితం వచ్చింది. అందరికీ టీబీ. హనీఫా ఒక్కదాని తెమడే శుభ్రంగా ఉంది. ఒక్క మనిషి కోసం పట్నం ఎక్స్‌రే అవసరం లేదని, మిల్లు వల్ల రోగమొస్తుందన్న ఫిర్యాదుకు ఆధారం లేదని ఆఫీసరు రాశాడు. పంచాయితీ ఆఫీసులో చదివి వినిపిస్తే హనీఫా ఒక్క మాటా అనలేదు. ఏసోబు సహా అందరూ ఆమె తిట్ల కోసం ఎదురుచూశారు. ఆమె గోడ పట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ పొద్దు గుంకేలోపు కురుమయ్య ఇంటికి వచ్చింది. కొంగులో కోడిగుడ్లు. అరుగు మీద కూర్చుని ఊపిరి తీసుకోవడానికి చాలాసేపు పట్టింది.

"తమ్మీ, నా మాట తప్పయింది" అంది. "తప్పయిందే మంచిగైంది. నీది టీబీయేనంట. బతుకుతవ్. గోలీలు ఇడువకు. పిల్ల పెండ్లి జేస్తవ్. నేనే ఇన్నొద్దులు సస్తవ్ సస్తవ్ అని నిన్ను బెదిరిస్తి. మాఫ్ జెయ్యి."

భిక్షమ్మ తలుపు దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంది. సంతోషంతో. కురుమయ్య గుడ్లను చూస్తూ కూర్చున్నాడు.

"మరి నీది, అక్కా?" అంది భిక్షమ్మ.

"నాది రాయే అయితది. ఎవరికో ఒకరికి ఉండాలె గద." నవ్వింది. "సోమవారం పాలమూరు కలెక్టరాఫీసుకు వోయి అర్జీ వాపస్ తీసుకుంట. ఏలిముద్ర ఏసొస్త."

ఆమె పోయాక భిక్షమ్మ గుడ్లు ఉడకబెట్టి పెట్టింది. గొంతు దిగవనుకున్నాడు. దిగాయి. అన్నీ తిన్నాడు.

మర్నాడు పొద్దున భిక్షమ్మ మిల్లుకు బయలుదేరుతోంది. హనీఫా పోరు పడలేక మిల్లు ఆడవాళ్ళందరూ మూతికి తువ్వాల కట్టుకోవడం నేర్చుకున్నారు. ఆ తువ్వాలను భిక్షమ్మ దండెం మీదే వదిలేసింది. కూతురు అరుణ జడ వేసుకుని, సద్దిగిన్నె పట్టుకుని నిలబడింది.

"పిల్ల యాడికి?" అన్నాడు కురుమయ్య.

"నాతోని. పిండిల ఏం లేదని ఆఫీసరే రాసె గద. ఇంట్ల కూసొని ఏం జేస్తది? సేటు రమ్మన్నడు."

"ఒద్దు."

"ఎందుకొద్దు?"

"ఒద్దంటున్న."

"ఎండకు ఊపిరాడక సస్తిమి గా తువ్వాలలు గట్టుకొని. ఇగ ఫికర్ లేదు. నువ్వు పండుకో." గడప దాటారు.

"భిక్షమ్మా. గా తెమడ నాది గాదు."

ఆమె ఆగింది. "ఏందీ?"

"అంజయ్యది. అందరిదీ అంజయ్యదే. హనీఫక్క చెప్పిందే నిజం."

భిక్షమ్మ వెనక్కి వచ్చింది. అరుస్తుందనుకున్నాడు. ఆమె కూతురి చేతిలోంచి సద్దిగిన్నె తీసుకుని కింద పెట్టింది. పిల్లను లోపలికి తోసింది. తర్వాత మెల్లగా అంది.

"నేను పిండి నింపుతానని నీకెరుక. పిల్ల ఎదుగుతాందని ఎరుక. నీకు గోలీలు గావాలె. నాకేం గావాలెనో అడిగినవా?"

అతను ఏదో చెప్పబోయాడు.

"నాకు గాదు, వోయి హనీఫక్కకు చెప్పు" అని, దండెం మీది తువ్వాల మూతికి కట్టుకుని ఒక్కతే మిల్లుకు పోయింది. పోకపోతే ఆ పూట తిండి లేదు. తెలిసీ పోయింది.

మధ్యాహ్నం దారిలో నాలుగుసార్లు కూర్చుని హనీఫా ఇంటికి చేరాడు. ఆమె చింతపండు ముందేసుకుని గింజలు తీస్తోంది. చెప్పాడు. ఆమె చెయ్యి ఆగింది.

"అందరిదా?"

"అందరిది."

"భద్రమ్మది గూడ?"

"ఆమెది గూడ. అంజయ్యను అడుగుదమన్నది మాత్రం నేనే."

హనీఫా మళ్ళీ గింజలు తీయడం మొదలుపెట్టింది. "అయితె నువ్వు బతకవు" అంది.

"ఎరుకక్కా."

"గుడ్లు తిన్నవా?"

"తిన్న."

"ఊఁ."

"తిట్టక్కా నన్ను. జర తిట్టు."

"ఊపిరి సాల్తలేదు." తీసిన గింజలు పక్కకు ఊడ్చి అడిగింది, "సోమవారం నాతోని వస్తవా? ఆఫీసరు ముంగట చెప్తవా?"

"వస్త."

"మొన్న గూడ వచ్చినవ్" అంది హనీఫా.

అతను లేచాడు. ఏసోబు దగ్గరికి పోయి చెప్పాడు, చెప్పకుండా పోవడం మరీ దొంగతనమనిపించి. ఏసోబు మంచం మీంచే అరిచాడు. "నువ్వే అంజయ్యను అడుగుదమంటివి, నువ్వే పట్టిస్తనంటివి. మా గోలీలు ఎవడిస్తడు, మీ అయ్యనా? నీకు గూడ హనీఫా నోరు అంటుకున్నదిరా?" అరిచి, దగ్గు ఆపుకోలేక గోడకు తిరిగాడు. ఏసోబు చెప్పినదాంట్లో అన్యాయమేమీ లేదు. అదే కురుమయ్యను నమిలేసింది.

సోమవారం పొద్దున బస్సులో హనీఫా పక్కన జాగా ఉంది. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. కురుమయ్య కూర్చోలేదు. కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. కొంచెం దూరం పోయేసరికి దగ్గు మొదలైంది. ఆగలేదు. ముందు సీటులో పిల్లను ఒళ్ళో పెట్టుకున్న ఆమె కొంగుతో పిల్ల మూతి కప్పింది. పక్కనున్న పెద్దమనిషి జరిగి కూర్చుని అన్నాడు.

"టీబీయా ఏంది? దూరం నిలవడు తమ్మీ, పిల్లలున్నరు."

ఇన్నేళ్ళూ ఎవరడిగినా ఔననేవాడు. ఆ మాట నోట్లో తయారుగానే ఉంది.

"కాదు" అన్నాడు. "రాయిపిండి."

"ఏందీ?"

హనీఫా కిటికీ బయటికి చూస్తూనే అంది. "ఇనవడలే. ఆఫీసుల గూడ గిట్లనే చెప్తవా?"

కురుమయ్య కడ్డీని రెండు చేతులతో పట్టుకున్నాడు. బస్సు మొత్తం అతని వైపే చూస్తోంది. మళ్ళీ చెప్పాడు. సగం మాటలో దగ్గు అడ్డమొచ్చింది. దగ్గి, మిగతా సగం చెప్పాడు.