అమ్మకి నటించడం రాదు

సునామీ వచ్చిపోయి మూడేళ్ళయినా కుప్పాచ్చి సముద్రం మొహం చూడలేదు. మొగుణ్ణి, గుడిసెని ఒక్క గుక్కలో మింగేసిన సముద్రం మొహం ఎందుకు చూడాలి? మాసి నెల పున్నమికి ఇరుళ తెగవాళ్ళంతా తమ దేవత కన్నెమ్మను కొలిచి, ఆమె ఎదుట పెళ్ళిళ్ళు చేసుకోడానికి మామల్లపురం ఒడ్డుకు కదిలినా, తను మాత్రం గుడిసెలోనే ముసుగుతన్ని పడుకునేది.

ఈ ఏడు మాత్రం రాక తప్పలేదు. మద్రాసు నుంచి ఓ కుర్ర డైరెక్టరు వచ్చి, సునామీ తర్వాత ఇరుళవాళ్ళు ఎలా బతికారో సినిమా తీస్తానన్నాడు. ఎలా బతుకుతారు! పడవలు పోయినవాళ్ళకి పడవలిచ్చారు. పాములు పట్టేవాళ్ళకి పాములిస్తారా? వీళ్ళ పాట్లు వీళ్ళే పడ్డారు. సినిమాలో ఓ పున్నమి పెళ్ళి ఉందన్నాడు, పెళ్ళికూతురు కుప్పాచ్చి అన్నాడు, పెళ్ళికొడుకు సడయన్ అన్నాడు. కులపెద్ద కన్నియప్పన్ తాత కూడా సరేనన్నాక ఆమె ఇక కాదనలేకపోయింది.

ఎంచీ ఎంచీ సడయన్‌నే ఎంచాలా! పెళ్ళాం పోయిన సడయన్ రెండేళ్ళుగా తను పట్టిన పొలం ఎలుకల్లో సగం కూరకని తెచ్చి కుప్పాచ్చి గుమ్మంలో పెట్టి, నోరు విప్పకుండా పోతాడు. చల్లకొచ్చి ముంత దాచడమంటే అదే. ఆమెకీ అతనంటే ఇష్టమే. కానీ తను పట్టుకున్న చేతినల్లా సముద్రం లాక్కుపోతుందని భయం. అందుకే ఎలుకలు తీసుకునేది, మాట మాత్రం ఇచ్చేది కాదు.

పున్నమినాడు పొద్దెక్కేసరికి తాత ఒడ్డున నాలుగు పెళ్ళిళ్ళు చేసేశాడు. అయిదోది సినిమాది. అలవాటు చొప్పున ఇసుకతో ఏడు మెట్లు కట్టి, పూలు పెట్టి, కన్నెమ్మను పిలిచి పూనకంతో ఊగాడు.

"ఊఁ, కట్టరా!"

సడయన్ పసుపుతాడు కట్టాడు.

"కట్! మబ్బు అడ్డొచ్చింది. అక్కా, ఆ తాడు తీసెయ్. మళ్ళీ తీద్దాం," అన్నాడు డైరెక్టరు.

తాతకి కోపం నషాళానికంటింది. "తీసెయ్యడమేంటయ్యా! నేను పిలిచాను, అమ్మ వచ్చింది, పెళ్ళి చూసింది. మళ్ళీ పిలిస్తే, ఎందుకురా ముసలోడా అంటే ఏం చెప్పను?"

"ఇది ఉత్తుత్తి పెళ్ళి తాతా! నిన్ననే చెప్పాను కదా, నటించమని!"

"నేను నటిస్తాను నాయనా. అమ్మకి నటించడం రాదే!"

జనం గొల్లున నవ్వారు. కుప్పాచ్చికి నవ్వు రాలేదు. సడయన్ తల వంచుకుని, ఆమెకు మాత్రమే వినపడేలా అన్నాడు. "ఇష్టం లేకపోతే తీసెయ్, కుప్పాచ్చీ. తాతకి నేను చెప్పుకుంటాను. నేనేమీ అనుకోను."

రెండేళ్ళలో అతను అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదలు.

ఇంతలో ఓ అల వచ్చి కింది మెట్టుని, ఆమె పాదాల్ని తడిపి వెనక్కి పోయింది. ఏమీ లాక్కుపోలేదు. సడయన్ నిలబడ్డచోటే నిలబడి ఉన్నాడు. కుప్పాచ్చికి కళ్ళనీళ్ళు తిరిగాయి, సంతోషంతోనే. తాడుని గుప్పిట్లో బిగించి పట్టుకుంది.

"తమ్ముడూ, నీ సినిమాకి ఇంకో పెళ్ళికూతుర్ని వెతుక్కో. నేనిది తియ్యను," అని సడయన్ వైపు తిరిగింది. "నువ్వూ విను మావా. రేపట్నుంచి ఎలుకలు గుమ్మంలో పడేసి దొంగలా పారిపోకు. లోపలికి రా, ఇద్దరం కలిసి తిందాం."