రెండో చరణం

మా చర్చిలో నన్నందరూ ‘రెండో చరణం’ అని పిలుస్తారు. అమ్మానాన్నలు పెట్టిన పేరు నాకూ ఉంది గానీ, అది జీతం కాగితం మీద తప్ప ఎక్కడా పనికి రాదు. ఈ పేరు పెట్టిన మహానుభావుడు మా క్వయర్ మాస్టారు.

ఆయన స్వయంగా రాసి బాణీ కట్టిన పాట ఒకటుంది. అందులో రెండో చరణం, “దాహమైన వేళలో నా దోసిలి నింపితివి.” మూడోది, “మాట రాని వేళలో నా మనసు వింటివి.” చిన్నపిల్లలు కూడా గుక్కతిప్పుకోకుండా పాడేస్తారు. నేను మాత్రం పద్దెనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా సరిగ్గా పాడలేదు. “దాహమైన వేళలో” అని ఎత్తుకోగానే నా నాలుక దానంతటదే “నా మనసు వింటివి” లోకి జారిపోయేది. మాస్టారు స్కేలు తీసుకుని హార్మోనియం మీద టక్కున కొట్టేవారు.

“దాహమేస్తుంటే మనసు వినడమేంటమ్మా? నీళ్ళు పొయ్యాలి, నీళ్ళు! దేవుడికి ఆమాత్రం తెలీదా?”

క్వయరంతా గొల్లుమనేది. అయినా ముందువరసలో నన్నే నిలబెట్టేవారు. నా గొంతు అలాంటిది మరి. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, నేను పల్లవి ఎత్తుకుంటే వెనకబెంచీలో కునికిపాట్లు పడేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారు. నేను పుట్టింది ఇందుకే అన్న విషయంలో నాకు ఏనాడూ సందేహం లేదు.

తర్వాత మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. గడ్డా పోయింది, గొంతూ పోయింది. గొంతుకు వెళ్ళే నరమేదో దెబ్బతిందట. మాట్లాడితే తుప్పు పట్టిన గేటు తీసినట్టుంటుంది. “మాటైనా మిగిలింది కదా, స్తోత్రం చెప్పుకో” అన్నారు చుట్టాలు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆయన “ఇల్లు కాస్త ప్రశాంతంగా ఉందే” అని జోకు వెయ్యబోయి, నా మొహం చూసి నాలుక్కరుచుకున్నాడు. క్వయర్ మానేశాను. చివరి బెంచీకి మారాను. ఏడాది పాటు నేను చేసింది ప్రార్థన కాదు, పోట్లాట. “ఇచ్చిందే ఒక్కటి. అదీ లాక్కున్నావు. ఇక నేనెందుకు నీకు?” అని దేవుణ్ణి నిలదీసేదాన్ని. జవాబు వచ్చేది కాదు. నాకు ఇంకా కోపం వచ్చేది.

పక్షవాతం వచ్చినవాళ్ళకు మళ్ళీ నడకా మాటా నేర్పే ఆసుపత్రిలో నా ఉద్యోగం. నేర్పేది నేను కాదు లెండి. కింది అంతస్తులో దుప్పట్ల గది ఉంటుంది, అందులో కుట్టుమిషను నాది. చిరిగిన దుప్పట్లకు మాసికలు వెయ్యడం, ఊడిన గుండీలు కుట్టడం, పైజామాలకు బొందులు ఎక్కించడం. అలాంటి చోటికి, ఒకరోజు, మా మాస్టారినే తీసుకొచ్చి చేర్చారు. కుడిచెయ్యి పడిపోయింది. మాట మొత్తానికే పోయింది. మొదటిరోజు చూడ్డానికి వెళ్తే నన్ను గుర్తుపట్టి ఏదో అనబోయారు. “తా... తా...” అంతకు మించి రాలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను అక్కణ్ణుంచి పారిపోయాను. గొంతు పోయినవాళ్ళం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని ఏం ఉద్ధరిస్తాం? ఆ తర్వాత ఆయన బట్టలు కూడా ఇంకొకరి చేత పైకి పంపేదాన్ని.

రెండు నెలలు గడిచాక, ఒక బుధవారం పొద్దున ఆయన భార్య, మేమంతా పిన్నిగారని పిలిచే ఆవిడ, చేతిలో చొక్కాతో నా గదికే దిగొచ్చారు.

“ఒంటిచేత్తో గుండీలు పెట్టుకోలేకపోతున్నారమ్మా. గుండీలు తీసేసి అంటుకునే పట్టీలు కుట్టిపెడతావా?”

“దానికేం పిన్నిగారూ, ఐదు నిమిషాల పని. కూర్చోండి.”

ఆవిడ కూర్చోలేదు. “ఎల్లుండి పెద్ద డాక్టరు చూస్తాడంట. రెండు నెలలైనా ఒక్క మాట రాలేదు కదా, ఎల్లుండి కూడా రాకపోతే ఇక ఇంటికి పంపేస్తారంట. మంచాల కోసం బయట బోలెడుమంది కాచుకున్నారంట. వాళ్ళనీ తప్పుపట్టలేం.”

నేను మిషను ఆపేశాను.

“నీ పాత పాటలు ఫోనులో రోజూ పెడుతున్నానే. కళ్ళు మూసుకుని వింటారు. కళ్ళమ్మట నీళ్ళు కారతాయి. పెదవి మాత్రం కదపరు.” ఆవిడ చొక్కా నా మిషను మీద పరిచారు. “ముప్పై తొమ్మిదేళ్ళ కాపురంలో నన్ను ‘ఏమేవ్’ అనే పిలిచారు. ఒక్కసారైనా పేరు పెట్టి పిలవకూడదా, నేనేమన్నా పశువునా అని ఎంత పోట్లాడానో! ఇప్పుడా ‘ఏమేవ్’ ఒక్కసారి వినబడితే చాలు తల్లీ.”

ఇంతమాట విన్నాక ఇంకెవరి చేతో చొక్కా పంపిస్తే నేను మనిషినేనా? పట్టీలు, సూది, దారం తీసుకుని ఆవిడ వెంటే పైకెళ్ళాను.

మాస్టారు కిటికీ పక్కన చేతుల కుర్చీలో కూర్చుని ఉన్నారు. నన్ను చూసి తల ఊపారు. చొక్కా ఆయనకు తొడిగి, కొలత సరిచూసి, మళ్ళీ విప్పి, మంచం అంచున కూర్చుని కుట్టడం మొదలుపెట్టాను. సూది పట్టుకుంటే కూనిరాగం తీయడం నాకు అలవాటు. గొంతు పోయినా అలవాటు పోలేదు. ఏం పాడుతున్నానో కూడా స్పృహ లేదు.

“దాహమైన వేళలో... నా మనసు విం...”

టక్!

మాస్టారి ఎడమచెయ్యి కుర్చీ మీద పడింది. ఆయన మొహం ఎర్రబడింది.

“దో... సిలి! దోసిలి నింపితివి!”

సూది నా వేలిలో కసుక్కున దిగింది. పిన్నిగారి చేతిలోంచి ఫ్లాస్కు మూత జారి గదంతా దొర్లింది. మాటా అది! శ్రుతిలో, తాళంలో, దీర్ఘం దగ్గర దీర్ఘంతో, అచ్చం మా మాస్టారు!

“మళ్ళీ పాడవే! మళ్ళీ!” పిన్నిగారు నా భుజం పట్టుకుని కుదిపేశారు.

మళ్ళీ తప్పు పాడాను. మళ్ళీ టక్కు. “దోసిలి నింపితివి!” ఇంకా గట్టిగా, ఇంకా కోపంగా. ఐదుసార్లు పాడితే ఐదుసార్లూ దిద్దారు. పద్దెనిమిదేళ్ళు తిట్లు తిన్నాను గానీ, తిట్లు ఇంత తియ్యగా ఉంటాయని నాకు తెలీదు. నేను ఏడుస్తూ, నవ్వుతూ, చెప్పులు వదిలేసి వసారా పొడుగునా పరుగెత్తాను. “టీచరుగారూ! మాస్టారు పాడారు!” అని అరుస్తుంటే ఒక నర్సు నన్ను కూడా మంచమెక్కించాలేమో అన్నట్టు చూసింది.

మాట నేర్పే టీచరు చిన్నపిల్ల. నా కూతురి వయసు. వచ్చి విని, కళ్ళు పెద్దవి చేసింది. మెదడులో మాట ఒకచోట, పాట ఒకచోట ఉంటాయని, మాట దారి మూసుకుపోయినా పాట దారి తెరిచి ఉండొచ్చని చెప్పింది.

“నేనూ పాటలతో ప్రయత్నించానండీ. మీ రికార్డులే పెట్టాను. అంత బాగా పాడుతుంటే ఎవరు గొంతు కలుపుతారు? వింటూ కూర్చుంటారంతే. ఇప్పుడు మీ గొంతు ఇలా...” అని టక్కున ఆగిపోయింది.

“చెప్పమ్మా, పరవాలేదు. గేటులా ఉంది కాబట్టి?”

“మీతో కలిసి పాడ్డానికి ఎవరూ సిగ్గుపడరండీ” అంది మెల్లగా.

ఇంకెవరైనా, ఇంకెప్పుడైనా ఆ మాట అని ఉంటే వాళ్ళ పని పట్టేదాన్ని. ఆ రోజు మాత్రం ఆ మాట లోపలికి వెళ్ళి కూర్చుంది. ఏడాదిగా నేను దేవుణ్ణి అడుగుతున్న ప్రశ్న పక్కనే వెళ్ళి కూర్చుంది.

“అయితే ఒక్కటండీ” అంది టీచరు. “వచ్చిన పాట రావడం వేరు, సొంతమాట రావడం వేరు. పెద్ద డాక్టరు పాటతో ఒప్పుకోరు. పాటలో లేని మాట ఒక్కటి రావాలి. అదే బాణీలో ‘నీళ్ళు కావాలి’ అని నేర్పండి. మనకు ఒక్కరోజుంది.”

గురువారం భోజనం మానేసి పాడాను. పని అయ్యాక పాడాను. “దాహమైన వేళలో... నీళ్ళు కావాలీ...” అంటాను. టక్! “దోసిలి నింపితివి!” అంటారాయన. “కాదు మాస్టారూ, నీళ్ళు కావాలి.” టక్! “దోసిలి!” ఏం చెప్పమంటారు నా కర్మ! నేను ఏం మార్చి పాడినా ఆయనకది పాటలో తప్పే. పాట రాసిన మనిషాయె, అక్షరం కదిలిస్తే ఊరుకుంటారా? ఏ కోపం ఆయన నోరు తెరిపించిందో ఆ కోపమే కొత్తమాటను గడప దాటనివ్వలేదు. సాయంత్రానికి నా గొంతులో గాలి తప్ప ఏమీ మిగల్లేదు. పిన్నిగారు ఆయన బట్టలు సంచిలో సర్దడం మొదలుపెట్టారు.

శుక్రవారం పొద్దున దుప్పట్ల గదిలో తలుపు వేసుకుని, ఉతికిన దుప్పట్ల మధ్య మోకరించాను. ఏడాది తర్వాత అది నా మొదటి ప్రార్థన. “ప్రభువా, ఇన్నాళ్ళూ నిన్ను నోటికొచ్చినట్టు తిట్టాను. క్షమించు. నా గొంతు నాకివ్వమని అడగను. ఈ గేటే చాలు, ఇది నీదే, ఎలా వాడుకుంటావో వాడుకో. ఆయనకు మాత్రం ఒక్క మాట ఇవ్వు. ఆవిడ చెవిన పడాలి. ఆమెన్.” లేచేసరికి కళ్ళు తడిగా ఉన్నాయి, ఒళ్ళు మాత్రం తేలిగ్గా ఉంది.

పదకొండింటికి పెద్ద డాక్టరు ఫైలు పట్టుకుని వచ్చారు. పక్కన టీచరు. గోడకు ఆనుకుని పిన్నిగారు. సంచి ఆవిడ కాళ్ళ దగ్గరే ఉంది.

“పేరు చెప్పండి” అన్నారు డాక్టరు. మాస్టారి పెదవులు వణికాయి. “తా... తా...”

“ఇది ఏమిటి?” అని కలం చూపించారు. “తా...”

డాక్టరు ఏదో రాసుకున్నారు. టీచరు నా వైపు చూసింది.

వందలమంది ముందు బెదరకుండా పాడినదాన్ని. నలుగురి ముందు బెదిరిపోయాను. ఈ గొంతుతో ఒక పాటని పాటలా అందరెదుటా పాడటం అదే మొదటిసారి. చేతులు కట్టుకున్నాను. కళ్ళు మూసుకున్నాను. పల్లవి గరగరమంది. మొదటి చరణం మధ్యలో తెగి మళ్ళీ అతుక్కుంది. రెండో చరణం వచ్చింది.

“దాహమైన వేళలో... నా దోసిలి నింపితివి.”

పాడేశాక గానీ నేను చేసిన ఘోరం నాకు తెలిసిరాలేదు. సరిగ్గా పాడేశాను! పద్దెనిమిదేళ్ళు తప్పుపాడి, సరిగ్గా తప్పు కావలసిన రోజున, భయంతో, జన్మలో మొదటిసారి, తూచా తప్పకుండా పాడేశాను! ఇక ఆయన దిద్దడానికేముంది? డాక్టరు ఫైలు మూశారు. పిన్నిగారు కొంగుతో మొహం కప్పుకున్నారు. నేల చీలితే అందులోకి దిగిపోదామనిపించింది.

కళ్ళు తెరిచి చూస్తే, టక్కుమని కొట్టడానికి లేచిన మాస్టారి ఎడమచెయ్యి గాలిలోనే ఉంది. ఆయన నన్ను నోరు తెరుచుకుని చూస్తున్నారు. పెదవి ఒకవైపు లేచింది. భుజాలు కదిలాయి. నవ్వుతున్నారు! పొట్ట అదిరేలా, కళ్ళు నీళ్ళయ్యేలా నవ్వుతున్నారు. ఆ నవ్వుతూనే గోడ వైపు తిరిగి, ఆ చెయ్యి అలాగే చాచి, ఆ బాణీలోనే ఎత్తుకున్నారు.

“ఏ... మేవ్! వింటివా... సరిగ్గా... పాడిందీ!”

“ఆఁ, వింటున్నా, వింటున్నా!” అన్నారు పిన్నిగారు కొంగు చాటునుంచి, ముప్పై తొమ్మిదేళ్ళ అలవాటు కొద్దీ. మరుక్షణం కొంగు జారిపోయింది. ఆవిడ మొహం ఎలా ఉందో నేను చెప్పలేను. వచ్చి ఆయన మోకాళ్ళ దగ్గర కూలబడి, “ఇంకోసారి పిలవండి, ఇంకోసారి” అంటూ ఆ ఎడమచెయ్యి పట్టుకుని భోరుమన్నారు.

“ఏమేవ్... ఏమేవ్...” ఆయన పాడుతూనే ఉన్నారు.

డాక్టరు టీచరు వైపు వంగి అడిగారు. “ఈ మాట పాటలో ఉందా?”

నేను ఆగలేకపోయాను. “ఏ పాటలో ఉంటుంది డాక్టరుగారూ! దేవుణ్ణి ఏమేవ్ అని ఎవరన్నా పిలుస్తారా?”

ఆయన కూడా నవ్వేశారు. ఫైలు తెరిచి, రాసింది కొట్టేసి, ఇంకో మూడు నెలలు అని రాశారు. నేను సంచి విప్పి బట్టలు మళ్ళీ బీరువాలో పెట్టాను. ఒక్కో చొక్కా పెడుతూ “స్తోత్రం, స్తోత్రం” అంటుంటే నా గొంతు గరగర నాకే ముద్దొచ్చింది.

సాయంత్రం టీచరు దుప్పట్ల గదికి వచ్చి గుమ్మంలో తచ్చాడింది. “నాలుగో గదిలో బస్సు డ్రైవరున్నారండీ, నెలరోజులుగా మాట లేదు. ఆరులో ఒక పంతులమ్మగారు. ఇంకా నలుగురు. సోమవారం మధ్యాహ్నం ఒక్క గంట వస్తారా?”

“ఒక గంటేంటమ్మా!” అన్నాను. “గేటు రోజంతా తెరిచే ఉంటుంది.”

సోమవారం మధ్యాహ్నం ఏడు చక్రాల కుర్చీలు గుండ్రంగా పెట్టారు. మాస్టారికి ఇంటినుంచి స్కేలు తెప్పించారు పిన్నిగారు. పాట కాగితాలు పంచి, అందరికీ రెండుసార్లు సరిగ్గా చదివి వినిపించాను. పల్లవి ఎత్తుకున్నాను. ఒకరిద్దరి పెదవులు కదిలాయి. మొదటి చరణంలో పంతులమ్మగారు సన్నగా ఊఁ కొట్టారు. రెండో చరణం వచ్చింది.

“దాహమైన వేళలో... నా మనసు వింటివి.”

కావాలని చేశావా, నిజంగానే నాలుక జారిందా అని మా ఆయన ఇప్పటికీ అడుగుతుంటాడు. అది నాకూ దేవుడికీ మధ్య సంగతి. మాట పోయినవాళ్ళకు ఎక్కువగా కుడిచెయ్యే పడిపోతుందట. అందుకే ఒక్కసారిగా టక్కుమని పడ్డవి ఏడూ ఎడమచేతులే. బస్సు డ్రైవరు “దో... దో...” అంటున్నాడు. పంతులమ్మగారు వేలు చూపించి బెదిరిస్తున్నారు. అందరికంటే గట్టిగా మాస్టారి స్కేలు మోగింది. గురువారమంతా నేను బతిమాలినా రాని మాట, ఆయన నోట పాటగా కాదు, పాతరోజుల్లోలాగే తిట్టుగా ఊడిపడింది.

“నీళ్ళు! పొయ్యాలి... నీళ్ళు!”

పిన్నిగారు గబగబా గ్లాసుతో వచ్చారు. ఆయన వద్దని తల ఊపి, స్కేలుతో నన్ను చూపించారు. నేను గ్లాసెడు నీళ్ళూ గడగడా తాగి, మూతి తుడుచుకుని, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను.