కడిగిన ప్యానెళ్ళే మళ్ళీ

అద్దాలాయనంటే ఆ వీధిలో తెలియనివాళ్ళు లేరు. కళ్ళజోళ్ళ దుకాణంలో జుట్టు నెరిసేదాకా పనిచేసిన మనిషి. ఎవరొచ్చినా ముందు వాళ్ళ కళ్ళజోడు లాక్కుని శుభ్రంగా తుడిచి, ఆ తర్వాతే "ఇప్పుడు చెప్పండి, ఏం కనిపించడం లేదు?" అని అడిగేవాడు. సగంమందికి జబ్బు అక్కడే నయమైపోయేది. అలాంటివాడు ఇంటిమీద సోలార్ ప్యానెళ్ళు పెట్టించుకుంటే ఇంకేమైనా ఉందా!

"నెలకోసారి కడిగితే చాలు సార్," అన్నాడు బిగించిన మెకానిక్. "దుమ్ము రోజుల్లో పదిహేను రోజులకోసారి. పొద్దున్నే, అద్దం చల్లగా ఉన్నప్పుడే నీళ్ళు పొయ్యండి. కాగిన అద్దంమీద చన్నీళ్ళు పడితే చిట్లుతుంది. పొడిగుడ్డతో మాత్రం రుద్దకండి, గీతలు పడతాయి."

"అద్దం గురించి నాకు చెప్తున్నావా? పొడిగుడ్డ అద్దానికి సవతయ్యా!" అన్నాడు అద్దాలాయన. పక్కనే నిలబడ్డ ఆయన భార్య నోటికి కొంగడ్డం పెట్టుకుని నవ్వింది.

ఆ ఇంటి డాబామీదికి మెట్లు లేవు, పిట్టగోడా లేదు. పెరట్లోంచి ఇనుప నిచ్చెనే దారి. అందుకని మొగుడూ పెళ్ళాలు ఒక ఒప్పందం చేసుకున్నారు. ఆవిడ చెయ్యి నిచ్చెనమీద ఉంటేనే ఆయన ఎక్కాలి, ఆవిడ చెయ్యి ఉంటేనే దిగాలి. మొదట్లో నెలకోసారే ఎక్కేవాడు. పోనుపోను వారానికోసారయింది, తర్వాత రోజూ అయింది. "నా వంటింటి గిన్నెల్ని కూడా ఒక్కరోజు ఇలా చూసుకోకూడదూ?" అని ఆవిడ దెప్పేది. పింఛను పుచ్చుకున్న మొగుడికి ఏదో ఒక పిచ్చి ఉండాలిలే, పేకాటకంటే ఇది నయం అనుకుంది పాపం.

ఒకరోజు పొద్దున్న ఆయన కిందికి దిగి, గుడ్డ తీగమీద ఆరేసి, టీ తాగి, గ్లాసు కింద పెట్టి అన్నాడు. "ఏమే, ప్యానెళ్ళు కడిగి ఎన్నాళ్ళయింది? దుమ్ము కొట్టుకుపోయి ఉంటాయి. రా, నిచ్చెన పట్టు."

తీగమీద గుడ్డ ఇంకా నీళ్ళు కారుతూనే ఉంది. ఆవిడ గుడ్డనీ ఆయన్నీ మార్చి మార్చి చూసింది. అయినా వెళ్ళి నిచ్చెన పట్టుకుంది.

డాక్టరు చెప్పిన జబ్బు పేరు ఆవిడ నోరు తిరగనిది. తిరిగినా పలికేది కాదు. పొయ్యిమీద పాలు పెట్టి మర్చిపోవడం, వీధి చివరి దుకాణానికి వెళ్ళి దారి తప్పడం, టీవీ రిమోటుతో ఫోను చెయ్యబోవడం, ఇవన్నీ ఆవిడ దిగమింగుకుంది. కానీ పైకెక్కాడంటే చాలు, ఆయన చేతులకి మతిమరుపు లేదు. తడిపి, మెత్తగా తుడిచి, తల పక్కకి వంచి అద్దంలో వెలుతురు చూసుకుని, మూలలు మళ్ళీ తుడిచేవాడు. కిందికి దిగాక గంటసేపు పాత మొగుడే. జోకులేసేవాడు, కోప్పడేవాడు, "ఏమే" అనేవాడు. ఆ గంటకోసమే ఆవిడ బతికేది. రోజులో రెండోసారి ఎక్కుతానంటే బకెట్టు ఇచ్చేది కాదు, గట్టిగా పిండిన తడిగుడ్డ ఇచ్చేది. అద్దమూ పదిలం, ఆయనా సంతోషం.

పక్క వీధిలో ఉండే కూతురు ఒకరోజు ఇది కళ్ళారా చూసింది. చూసి చిందులు తొక్కింది.

"అమ్మా, నీకేమైనా మతి పోయిందా? నాన్నని డాబా ఎక్కిస్తావా?"

"మతి పోయింది నాకు కాదే తల్లీ."

"జోకులా ఇప్పుడు? ఆ నిచ్చెన మా ఇంటికి పంపించెయ్. పడితే ఎముక కూడా దక్కదు."

"నేను పట్టుకున్నంతకాలం పడరు. అది లాగేస్తే ఆయన కుర్చీలో కూచుని గోడ చూస్తారు. అప్పుడు నాకేం మిగుల్తుంది? చెప్పు." కూతురు ఆదివారం వచ్చి మాట్లాడతానని వెళ్ళిపోయింది.

ఆ ఆదివారం రెండోసారి ఎక్కాడు. ఎండ ముదిరింది. గేటు దగ్గర ఎవరో పార్సిలు అంటూ అరిస్తే, "అక్కడే ఉండండి, ఇప్పుడే వస్తా," అని ఆవిడ వెళ్ళి సంతకం పెట్టి పరుగున వచ్చింది. వచ్చి నిచ్చెన పట్టుకుంది.

"ఏమండీ, ఎండెక్కింది. దిగండిక."

ఆయన అంచుదాకా వచ్చి కిందికి చూశాడు. "ఎవరండీ మీరు?"

"చాల్లెండి సరసం, దిగండి."

"మర్యాదగా మాట్లాడండమ్మా. మా ఆవిడ ఇక్కడే నిచ్చెన పట్టుకుని ఉండాలి. ఎటెళ్ళింది?"

పెళ్ళయినప్పటినుంచీ "ఏమే, ఒసేయ్" తప్ప ఎరగని ఆవిడ, ఆ "మీరు" విని కొయ్యబారిపోయింది. "నేనేనండీ... ఏమండీ, నన్ను సరిగ్గా చూడండి..."

"అలా పిలవకండి." ఆయన నిజంగానే నొచ్చుకున్నాడు. "ఆ పిలుపు మా ఆవిడది. పరాయివాళ్ళు అలా పిలిచారని తెలిస్తే బాధపడుతుంది."

ఆవిడకి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడవడానికి కూడా టైము లేదు. డాబా పెనంలా కాలుతోంది. ఆయన చెప్పులు కిందే ఉన్నాయి. ఒక కాలు ఎత్తి ఇంకో కాలు దించుతూ, "ఆవిడ వస్తేగాని దిగను," అన్నాడు. ఇంకాసేపటికి ఆ వేడి తట్టుకోలేక అవతలి అంచుకి నడిచి, నీళ్ళ గొట్టం పట్టుకుని దిగొచ్చేమోనని వంగి చూడసాగాడు. ఆ గొట్టం పిల్లి ఎక్కినా ఊగేది. గట్టిగా అరిస్తే ఉలిక్కిపడతాడు. ఫోను ఇంట్లో ఉంది. కూతురు వచ్చేలోపల ఏమైనా జరగొచ్చు.

పరాయి ఆడది పట్టుకున్న నిచ్చెన దిగడు, అంతటి మర్యాదస్తుడు. మరి ఎవరు పట్టుకుంటే దిగుతాడు? ఆవిడకి తట్టింది. తట్టినందుకు తన నోరు తనే నొక్కేసుకోవాలనిపించింది. ఏ పెళ్ళామూ కట్టుకున్నవాణ్ణి అనగూడని మాట అది. గొట్టం కిర్రుమంది.

"అన్నయ్యగారూ!" అంది.

ఆయన వెనక్కి తిరిగాడు.

"పక్కింటిదాన్ని అన్నయ్యగారూ. వదిన మా ఇంట్లో ఉంది. పని తెమల్లేదట, మిమ్మల్ని జాగ్రత్తగా దింపమని నన్ను పంపింది."

ఆయన మొహం విప్పారింది. "అలా చెప్పమ్మా మరి! ఇందాకటినుంచీ ఎవరో ఏమిటోనని హడలిపోతున్నాను." చకచకా వచ్చి నిచ్చెనమీద కాలు పెట్టాడు. ఆవిడ రెండు చేతులూ ఆయనకి అటూ ఇటూ కాపు కాస్తూ, ఒక్కొక్క మెట్టే దించింది. నేలమీద కాలు పెట్టగానే ఆయన దూరం జరిగి, చేతులు జోడించి, "చల్లగా ఉండు చెల్లెమ్మా," అన్నాడు.

భార్య లేనప్పుడు పరాయి ఆడమనిషితో ఇంట్లో కూచోవడం బాగుండదని పెరటి గుమ్మంమీదే కూచున్నాడు. అరికాళ్ళు ఎర్రగా కందిపోయాయి. తడిగుడ్డ వెయ్యబోతే కాళ్ళు ముడుచుకున్నాడు. ఆవిడ గుడ్డ అక్కడే పెట్టి, దూరంగా గోడకానుకుని కూచుంది.

"మా ఆవిడకి కోపం వచ్చిందంటావా చెల్లెమ్మా? చెప్పకుండా ఎప్పుడూ వెళ్ళదు. నేనే ఏదో నోరు జారి ఉంటాను."

"కోపం లేదన్నయ్యా."

"నోటిదురుసు మనిషినమ్మా నేను. ఆవిడే భరించింది. ఇంకో ఆడదయితే ఎప్పుడో పోయేది." కళ్ళు తుడుచుకున్నాడు. "వస్తుందంటావా?"

ఇన్నేళ్ళ కాపరంలో 'ఆవిడే భరించింది' అన్న మాట తనతో ఒక్కసారైనా అనలేదాయన. ఇప్పుడన్నాడు, పక్కింటావిడతో. "వస్తుంది," అంది ఆవిడ.

మధ్యాహ్నం దాటాక కూతురు వచ్చింది. ఆయన చటుక్కున లేచాడు. "వచ్చావా తల్లీ! మీ అమ్మ ఎక్కడికెళ్ళిందే? నన్నిలా వదిలేసి ఎప్పుడూ పోదు. పాపం ఈ చెల్లెమ్మ పొద్దుట్నుంచీ నా దగ్గరే కూచుంది."

కూతురు తల్లివైపు చూసింది.

ఆవిడ లేచి, కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది. "మీ అమ్మ సాయంత్రానికి వచ్చేస్తుందని చెప్పవే," అంది. "మా అన్నయ్య పొద్దుట్నుంచీ మెతుకు ముట్టలేదు."